అనాలిసిస్ టూల్‌లోనే కంపైలర్ ర్యాపర్ ఉండాలా, వేరుగా ఉండాలా?

బేర్‌మెటల్_బాట:

మిత్రులకు నమస్కారం. మా బృందం ఏఆర్ఎం మైక్రోకంట్రోలర్ల మీద నడిచే సీ కోడ్ రాస్తుంది. ఆ కోడ్‌ను తనిఖీ చేయడానికి క్లాంగ్ అనే కంపైలర్ లైబ్రరీల ఆధారంగా ఒక స్టాటిక్ అనాలిసిస్ టూల్‌ను (కోడ్‌ను నడపకుండానే చదివి లోపాలు వెతికే ప్రోగ్రాంను) మేమే తయారు చేసుకున్నాం. ఏయే ఫైళ్లు చూడాలో, హెడర్లు ఏ డైరెక్టరీల్లో ఉన్నాయో, ఏయే మాక్రోలు నిర్వచించాలో ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో చేత్తో రాసి దానికి ఇస్తున్నాం. అసలు కంపైలర్‌కు వెళ్లే ఆప్షన్లేమో, మేక్ అనే బిల్డ్ ప్రోగ్రాం చదివే మేక్‌ఫైల్లో ఉంటాయి. ఈ రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసేవారు మాలో ఎవరూ లేరు.

సరిపోవడం లేదని గత నెలలో తెలిసింది. సీరియల్ పోర్టు నుంచి ఒక్కొక్క బైటు చదివే ఫంక్షన్ మాకు ఒకటి ఉంది. బైటు అందకపోతే అది మైనస్ ఒకటి తిరిగి ఇస్తుంది. ఆ ఫంక్షన్‌ను పిలిచిన ఒకచోట, వచ్చిన ఫలితాన్ని ‘క్యార్’ రకం వేరియబుల్‌లో పెట్టి, అది సున్నా కన్నా తక్కువైతే లోపం అని షరతు రాశారు. మా డెస్కుల మీద ఉన్న ఎక్స్86 కంప్యూటర్లలో క్యార్ సైన్డ్ (రుణ సంఖ్యలను కూడా పట్టుకునేది) కాబట్టి అక్కడ ఆ షరతు పని చేస్తుంది. మేము వాడే ఏఆర్ఎం జీసీసీ కంపైలర్‌లో, ప్రత్యేకంగా చెబితే తప్ప, క్యార్ అన్‌సైన్డ్; మైనస్ ఒకటి అందులో పడగానే 255 అవుతుంది, ఆ షరతు ఎన్నటికీ నిజం కాదు. కేబుల్ ఊడిపోయిన పరికరం ఒకటి ఆ 255లను నిజమైన కొలతలుగా లెక్క కట్టుకుంటూ పోయింది. మా టూల్ అదే ఫైలును ఎన్నోసార్లు చూసింది, కానీ తాను ఎక్స్86 కోడ్ చూస్తున్నాననే అనుకుంది. అందుకే ప్రతిసారీ లోపం లేదని చెప్పింది. (ఈ తేడా ఎంత మందిని తిప్పలు పెట్టిందంటే, లైనక్స్ కర్నెల్ 2023లో వచ్చిన 6.2 నుంచి అన్ని ప్రాసెసర్ల మీదా క్యార్‌ను అన్‌సైన్డ్‌గానే కంపైల్ చేస్తోంది.)

అందువల్ల నా ప్రతిపాదన ఇది. కంపైలర్ ర్యాపర్ (కంపైలర్ పేరుతో దాని ముందు నిలబడే ప్రోగ్రాం) పనిని మా టూల్‌లోనే కలిపేయాలి. మేక్ ‘జీసీసీ’ అని పిలిచినప్పుడు ముందుగా మా ప్రోగ్రాం పలకాలి. తనకు అందిన ఆప్షన్లను చూసుకొని, అసలు కంపైలర్‌ను అవే ఆప్షన్లతో నడిపి, ఆ వెంటనే అదే ఫైలును విశ్లేషించాలి. అప్పుడు కంపైలర్ చూసిన కోడ్ ఒకటి, టూల్ చూసిన కోడ్ మరొకటి అయ్యే అవకాశం ఉండదు. మా బృందంలో సగం మంది దీనికి ఒప్పుకుంటున్నారు, మిగతా సగం మంది బిల్డ్ జోలికి పోవద్దంటున్నారు. ఇలాంటి పని చేసి చూసినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పండి.

మేక్‌ఫైల్_మేస్త్రి:

బాట గారూ, మీ జబ్బు నిజమైనదే, మీరు ఎంచుకున్న మందు మాత్రం దానికి తగినది కాదని నా గట్టి అభిప్రాయం. ముందుగా ఒక మాట: ఆ ఫైలును జీసీసీలో ‘ఎక్స్‌ట్రా’ హెచ్చరికలు పెట్టి కంపైల్ చేసి ఉంటే, ఈ పోలిక ఎప్పటికీ నిజం కాదని కంపైలరే మీకు చెప్పి ఉండేది. టూల్‌కు ర్యాపర్ కట్టే ముందు కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు ఎందుకు ఆపేశారో చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే తనిఖీ టూల్ రాసినప్పుడు దాన్ని సీ కంపైలర్‌లో కలపకుండా వేరే ప్రోగ్రాంగానే ఉంచారు. కంపైలర్ పని కోడ్‌ను త్వరగా, సరిగ్గా యంత్ర భాషలోకి మార్చడం. తనిఖీ పని నిదానంగా, అనేక ఫైళ్లను కలిపి చూడడం. ఈ రెండు పనుల వేగాలు వేరు, అవి విఫలమైనప్పుడు జరగవలసినవీ వేరు. టూల్ కుప్పకూలితే నివేదిక రాదు, అంతే. ర్యాపర్ కుప్పకూలితే ఆ రోజు బృందంలో ఎవరి బిల్డూ నడవదు.

కంపైలర్‌తో బిల్డ్ వ్యవస్థకు కాగితం మీద లేని ఒప్పందాలు చాలా ఉన్నాయి. కంపైలర్ పేరు పెట్టుకొని నిలబడిన ప్రోగ్రాం వాటన్నిటినీ నెత్తిన వేసుకోవాలి. రెండు చెబుతాను, రెండూ నాకు స్వయంగా తగిలినవే.

మొదటిది లిబ్‌టూల్, అంటే లైబ్రరీలు కట్టడానికి వాడే స్క్రిప్ట్. ఒక ఆప్షన్‌ను కంపైలర్ ఒప్పుకుంటుందా అని తెలుసుకోవడానికి అది కాన్ఫిగర్ దశలో ‘కాన్ఫ్‌టెస్ట్’ అనే బుల్లి సీ ఫైలును రెండుసార్లు కంపైల్ చేయిస్తుంది: ఒకసారి ఆ ఆప్షన్ లేకుండా, ఒకసారి ఆ ఆప్షన్‌తో. రెండోసారి ఎర్రర్ స్ట్రీమ్‌లో మొదటిసారి రానిది ఏదైనా వస్తే, ఆ ఆప్షన్ పనికిరాదని నిర్ణయిస్తుంది. మేము వాడిన ర్యాపర్ ప్రతి ఫైలు తర్వాత విశ్లేషణకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఎర్రర్ స్ట్రీమ్‌లోకి ఒక వరుస రాసేది. ఆ అంకె రెండుసార్లూ ఒకటిగా ఉండదు కదా! లిబ్‌టూల్ దాన్ని చూసి, మా కంపైలర్‌కు ‘ఎఫ్‌పిక్’ (షేర్డ్ లైబ్రరీలకు అవసరమైన ఆప్షన్) అంటే తెలియదని తేల్చేసి, ఆ ఆప్షన్ లేకుండానే షేర్డ్ లైబ్రరీలు కట్టబోయింది. లింకర్ దగ్గర వచ్చిన ఎర్రర్ చూసి రెండు రోజులు వెతికాం. ర్యాపర్ మీద అనుమానం చివరికి గానీ రాలేదు.

రెండోది డిపెండెన్సీ ఫైళ్లు. జీసీసీకి -ఎండీ ఇస్తే ఏ ఫైలు ఏయే హెడర్ల మీద ఆధారపడిందో ఒక జాబితా రాస్తుంది, మేక్ తర్వాత దాన్ని చదువుకుంటుంది. విశ్లేషణ కోసం ప్రీప్రాసెస్ చేసిన (హెడర్లు, మాక్రోలు విప్పిన) కోడ్ కావాలని ర్యాపర్ అవే ఆప్షన్లకు -ఈ జోడించి మళ్లీ నడిపిందనుకోండి. -ఈ, -ఎండీ రెండూ ఉన్నప్పుడు -ఓ (ఫలితాన్ని ఏ ఫైలులో రాయాలో చెప్పే ఆప్షన్) తర్వాతి పేరును డిపెండెన్సీ ఫైలు పేరుగా తీసుకుంటానని జీసీసీ మాన్యువల్‌లోనే రాసి ఉంది. అంటే ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ అయిన కోడ్) ఉండవలసిన చోట హెడర్ల జాబితా వచ్చి కూర్చుంటుంది. ఒక్క అక్షరం జోడించినందుకు ఇంత జరుగుతుంది.

ఇవన్నీ మీరు మళ్లీ కనిపెట్టనక్కర్లేదు. కంపైల్_కమాండ్స్.జేసన్ అనే ఫైలు ఉంది: ఏ డైరెక్టరీ నుంచి, ఏ సోర్స్ ఫైలును, ఏ ఆప్షన్లతో కంపైల్ చేశారో అందులో ఉంటుంది. మేక్‌ఫైళ్లను తయారు చేసి ఇచ్చే సీమేక్ వాడితే ఒక వేరియబుల్ పెడితే చాలు, మేక్‌కైనా దానిలాంటి నింజాకైనా అది తయారవుతుంది. మీ టూల్ ఆ ఫైలును చదివితే సరిపోతుంది. బిల్డ్‌ను బిల్డ్‌గా వదిలేయండి.

ప్యాచ్_బండి:

మేస్త్రి గారు చెప్పిన రెండు ఉదాహరణలూ సరైనవే, నేనూ వాటి దెబ్బ తిన్నాను. కానీ వారు చెప్పిన ముగింపుతో ఏకీభవించలేను. వారు సూచించిన జేసన్ ఫైలు బాట గారి సమస్యను పరిష్కరించదు.

ఆ ఫైలులో ఏముంటుందో దగ్గరగా చూడండి. కంపైలర్ పేరు ఉంటుంది, ఆప్షన్లు ఉంటాయి. కంపైలర్ తనలో తాను దాచుకున్నవి ఉండవు. ఏఆర్ఎం క్రాస్ కంపైలర్‌కు క్యార్ అన్‌సైన్డ్ అని ఏ మేక్‌ఫైల్లోనూ ఎవరూ రాయరు, అది ఆ కంపైలర్ స్వభావం. ఏ డైరెక్టరీల్లో తన సొంత హెడర్లు వెతుకుతుందో కూడా అందులో ఉండదు. ‘సీపాత్’ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల ద్వారా వచ్చిన దారులూ ఉండవు. ఇవి తెలియాలంటే ఆ కంపైలర్‌నే అడగాలి: ఖాళీ ఇన్‌పుట్ ఇచ్చి -డీఎం -ఈ ఆప్షన్లతో నడిపితే, తాను ముందే నిర్వచించుకున్న మాక్రోలన్నీ అచ్చు వేస్తుంది. అందులో ‘క్యార్_అన్‌సైన్డ్’ మాక్రో ఉందా లేదా అన్నది ఒక్క క్షణంలో తేలుతుంది. ఎడిటర్లకు కోడ్ సహాయం అందించే క్లాంగ్‌డీలోని ‘క్వెరీ-డ్రైవర్’ ఆప్షన్ కూడా ఇలాగే కంపైలర్‌ను పిలిచి అడుగుతుంది. జేసన్ ఫైలులో పేరున్న ప్రతి ప్రోగ్రామునూ గుడ్డిగా నడపడం ప్రమాదం కాబట్టి, ఏ కంపైలర్లను నమ్మవచ్చో మనం చెబితేనే ఆ పని చేస్తుంది. అదే ర్యాపర్ అయితే, నిజమైన కంపైలర్ నిజమైన వాతావరణంలో ఎలాగూ నడుస్తున్న చోట నిలబడి ఉంటుంది. అడగవలసిన ప్రశ్నను అక్కడికక్కడే అడగగలదు.

అసలు ఆ జేసన్ ఫైలు ఎక్కడి నుంచి వస్తుంది? సీమేక్ లేని ప్రాజెక్టుల్లో ఎవరో ఒకరు కంపైలర్‌ను పిలుస్తున్న క్షణాన్ని కాపు కాస్తేనే అది పుడుతుంది. ఎల్‌డీ_ప్రీలోడ్ పద్ధతిలో (మొదలయ్యే ప్రోగ్రాంలోకి తమ లైబ్రరీని ముందే ఎక్కించి) కాపు కాసే పనిముట్లు స్టాటిక్‌గా లింక్ అయిన (లైబ్రరీలను తమలోనే కలుపుకున్న) ప్రోగ్రాముల దగ్గర కళ్లు మూసుకుంటాయి. మ్యాక్‌లో 2015 నుంచి ఉన్న సిస్టం ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ అనే రక్షణ వల్ల సిస్టం ప్రోగ్రాముల విషయంలో ఆ తరహా పద్ధతి పని చేయదు. ర్యాపర్‌ను ఇంట్లోకి రానివ్వనంటూ, పొరుగింటి ర్యాపర్ తెచ్చిన ఫైలును నమ్ముకుంటున్నాం.

కర్నెల్ వైపు చూడండి. 2003లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన స్పార్స్ అనే తనిఖీ టూల్‌ను కర్నెల్ బిల్డ్‌లోంచే పిలుస్తారు: ‘మేక్ సీ=1’ అంటే కొత్తగా కంపైల్ అవుతున్న ఫైళ్లను, ‘సీ=2’ అంటే అన్ని ఫైళ్లను, కంపైలర్‌కు ఇచ్చిన ఆప్షన్లతోనే తనిఖీ చేస్తుంది. కర్నెల్ బయటి ప్రాజెక్టుల కోసం స్పార్స్ వాళ్లు సీజీసీసీ అనే ర్యాపర్ ఇచ్చారు. సీసీ=సీజీసీసీ అని మేక్‌కు చెబితే, ఒక చేత్తో స్పార్స్‌ను, మరో చేత్తో అసలు కంపైలర్‌ను నడుపుతుంది. ఏ ప్రాసెసర్‌కు ఏయే మాక్రోలు అని స్పార్స్‌కు చెప్పే బాధ్యత కూడా ఆ స్క్రిప్టే తీసుకుంది. ఫెడోరా లైనక్స్‌లో సీఎస్‌సీపీపీసీ అనే ర్యాపర్ ఉంది. దాని డైరెక్టరీని పాత్‌లో (ప్రోగ్రాములను వెతికే డైరెక్టరీల జాబితాలో) ముందు పెడితే, ఎప్పటిలా కంపైల్ జరుగుతుండగానే వెనక సీపీపీచెక్ అనే తనిఖీ టూల్ నడుస్తుంది. ఇన్నేళ్లుగా ఇన్ని బిల్డ్‌ల మీద నడుస్తున్నదాన్ని బిల్డ్‌కు శత్రువుగా చూడడం న్యాయం కాదు.

పైప్‌లైన్_కాపరి:

నేను ఏ పక్షమూ కాదు. ఒక అనుభవం మాత్రం చెప్పాలి.

నేను ఇంతకుముందు పని చేసిన చోట ర్యాపర్ ఆధారంగా నడిచే అనాలిసిస్ ఉండేది. ఒక వారం నివేదికలో లోపాల సంఖ్య బాగా పడిపోయింది, మరుసటి వారం సున్నా అయింది. అందరం సంతోషించాం, పై అధికారులకు చూపించాం కూడా. ఆ తర్వాత తెలిసింది: బిల్డ్ వేగం కోసం ఎవరో సీక్యాష్ పెట్టారు, అదీ ర్యాపర్‌కు ముందు పెట్టారు. మారని ఫైలుకు ఆబ్జెక్ట్ ఫైలు క్యాష్‌లోంచే వచ్చేస్తుంది, కాబట్టి సీక్యాష్ తన వెనక ఉన్న ర్యాపర్‌ను పిలవనే పిలవదు. పిలవని ర్యాపర్ విశ్లేషించదు. సున్నా లోపాలు అంటే సున్నా ఫైళ్లు చూశామని అర్థం.

ర్యాపర్ టూల్‌లో ఉందా, వేరుగా ఉందా అన్నదానికన్నా నాకు ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. చూడవలసిన ఫైళ్లు ఎన్ని, చూసినవి ఎన్ని అని మీ టూల్ నివేదిక మొదటి వరుసలో చెబుతుందా?

సేఫ్టీ_సమీక్షకురాలు:

కాపరి గారి ప్రశ్న మా రంగంలో ప్రతి ఆడిట్‌లోనూ వస్తుంది. నేను వాహనాల సాఫ్ట్‌వేర్ వైపు పని చేస్తాను. అక్కడ ఐఎస్ఓ 26262 అనే భద్రతా ప్రమాణం ప్రకారం, మనం వాడే ప్రతి సాఫ్ట్‌వేర్ టూల్ గురించి రెండు విషయాలు ఆలోచించాలి: దానిలోని తప్పు వల్ల ఉత్పత్తిలోకి లోపం ప్రవేశించే, లేదా ఉన్న లోపం పట్టుబడకుండా పోయే వీలుందా, ఉంటే ఆ తప్పు ముందే బయటపడే అవకాశం ఎంత. దాన్ని బట్టి ఆ టూల్ మీద నమ్మకం స్థాయి నిర్ణయమవుతుంది. కోడ్‌ను చదివి నివేదిక ఇచ్చే టూల్ లోపాన్ని పట్టుకోలేకపోవచ్చు, కానీ లోపాన్ని సృష్టించలేదు. అదే టూల్ కంపైలర్ స్థానంలో నిలబడి ఆబ్జెక్ట్ ఫైలు పుట్టే దారిలోకి వచ్చిందంటే, ఇక సృష్టించగలదు. దానికి రాయవలసిన సమర్థన పత్రాలు, చేయవలసిన పరీక్షలు పూర్తిగా వేరే స్థాయికి వెళ్తాయి. బాట గారి బృందం ఈ ఖర్చును లెక్క వేసుకోకుండా రెండింటినీ ఒకే ప్రోగ్రాంగా కలిపేస్తే తర్వాత చాలా ఇబ్బంది పడుతుంది.

మేము పాటించే పద్ధతి ఇది. కస్టమర్‌కు వెళ్లే బిల్డ్‌లో ర్యాపర్ ఉండదు. విశ్లేషణ కోసం అదే సోర్స్‌తో, అదే కంపైలర్‌తో, ర్యాపర్ పెట్టి ఇంకో బిల్డ్ చేస్తాం. అప్పుడు వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది: విశ్లేషించిన కోడ్, కస్టమర్‌కు వెళ్లిన కోడ్ ఒకటే అని ఎలా నమ్మడం? అందుకని రెండు బిల్డ్‌ల ఆబ్జెక్ట్ ఫైళ్లను బైటు బైటుగా పోలుస్తాం. కోడ్‌లో తేదీ, సమయం మాక్రోలు ఉంటే పోలిక చెడుతుంది. జీసీసీ 7 నుంచి ‘సోర్స్_డేట్_ఎపాక్’ వేరియబుల్‌ను గౌరవిస్తుంది కాబట్టి దానితో సమయాన్ని కదలకుండా నిలుపుతాం. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ విశ్లేషణను అంగీకరించం. ఈ పోలిక వల్ల మాకు ఇంకో మేలు కూడా జరిగింది. మేస్త్రి గారు చెప్పిన లిబ్‌టూల్ లాంటి తప్పు ఏదైనా ర్యాపర్ చేసి ఉంటే, అది ఇక్కడే కనిపిస్తుంది.

మేక్‌ఫైల్_మేస్త్రి:

బండి గారూ, జేసన్ ఫైలులో కంపైలర్ స్వభావం ఉండదన్న మాట నేను పట్టించుకోలేదు. అది నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. బైట్ల పోలిక గురించి చెప్పినందుకు సమీక్షకురాలు గారికి కృతజ్ఞతలు, ఇక నుంచి నేనూ చేస్తాను.

అయినా కర్నెల్‌ను ఉదాహరణగా తెచ్చారు కాబట్టి అక్కడే ఇంకో సంగతి చూపిస్తాను. కర్నెల్ కట్టిన డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లు చూసే ఉంటారు. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలుకూ పక్కనే, చివర ‘.సీఎండీ’ అని ఒకటి ఉంటుంది. ఆ ఆబ్జెక్ట్‌ను ఏ ఆదేశంతో కట్టారో పూర్తిగా అందులో ఉంటుంది, ఎందుకంటే ఆదేశం మారితే మళ్లీ కట్టాలని తెలుసుకోవడానికి కర్నెల్ బిల్డ్‌కే అది అవసరం. ఒక పైథాన్ స్క్రిప్ట్ ఆ ఫైళ్లన్నీ చదివి జేసన్ ఫైలు తయారు చేస్తుంది. ‘మేక్ క్లాంగ్-టైడీ’ అని తనిఖీ టూల్‌ను పిలిచినప్పుడు వాడేది దాన్నే. అక్కడ ర్యాపర్ లేదు, కాపు కాయడం లేదు. కొత్తగా కట్టినవి కొన్నే అయినా మిగతా ఫైళ్ల చీటీలు (ఆ ‘.సీఎండీ’ ఫైళ్లు) డిస్కు మీద అలాగే ఉంటాయి.

కాబట్టి నా మాటను కొంచెం సవరించుకుంటాను. ర్యాపర్ తప్పనిసరి అయితే దాని పని ఆ చీటీ రాయడం వరకే ఉండాలి. వచ్చిన ఆప్షన్లు, ఉన్న డైరెక్టరీ, అవసరమైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు ఒక ఫైలులో రాసి, అసలు కంపైలర్‌కు దారి ఇచ్చి, అది ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌నే (పని నెగ్గిందా లేదా అని చెప్పే అంకెనే) తిరిగి ఇవ్వాలి. స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. విశ్లేషణ అంతా బిల్డ్ పూర్తయ్యాక వేరే ఆదేశంతో జరగాలి.

ప్యాచ్_బండి:

చాలా దగ్గరికి వచ్చాం, కానీ ‘బిల్డ్ పూర్తయ్యాక’ అన్నచోట నాకు ఇంకా అభ్యంతరం ఉంది. ఇది చిన్న విషయం కాదు కాబట్టి వివరంగా చెబుతాను.

ఒకే బిల్డ్‌లో రెండు రకాల బోర్డులకు ఫర్మ్‌వేర్ కట్టే ప్రాజెక్టు ఒకటి ఊహించుకోండి. బోర్డు వివరాలున్న స్ప్రెడ్‌షీట్ నుంచి ఒక స్క్రిప్ట్ ‘కాన్ఫిగ్’ హెడర్‌ను తయారు చేస్తుంది, దానితో మొదటి బోర్డు ఫైళ్లు కంపైల్ అవుతాయి. తర్వాత అదే స్క్రిప్ట్, అదే పేరుతో, అదే చోట రెండో బోర్డు హెడర్‌ను రాస్తుంది. మొదటిది చెరిగిపోయింది. బిల్డ్ అంతా అయ్యాక చీటీలు పట్టుకొని విశ్లేషణకు వెళ్తే, మొదటి బోర్డు ఫైళ్లను కూడా రెండో బోర్డు హెడర్‌తో చదువుతాం. ఆదేశం అక్షరం పొల్లు పోకుండా సరైనదే, చదివిన కోడ్ మాత్రం తప్పు. మేక్‌ఫైల్‌ను అలా రాయడం తప్పని మేస్త్రి గారు అంటారు, నిజమే. కానీ ఇరవై ఏళ్ల మేక్‌ఫైళ్లు మన మాట వినవు, టూల్‌ను వాటి మీదే నడపాలి.

అందుకే ఇన్ఫర్ లాంటి అనాలిసిస్ టూళ్లు పనిని రెండు దశలుగా విడదీశాయి. కంపైల్ జరుగుతున్నప్పుడే కోడ్‌ను చదివి తన సొంత రూపంలోకి మార్చి దాచుకోవడం మొదటి దశ, తీరిగ్గా విశ్లేషించడం రెండో దశ. మన పనికి అంత అక్కర్లేదు. కంపైల్ క్షణంలో ఆ ఫైలు, అది పిలిచిన హెడర్లు కలిపి ఒక ప్రతిగా దాచితే చాలు. పూర్తిగా ప్రీప్రాసెస్ చేసి దాచితే మాక్రోలు విచ్చుకుపోతాయి, ఏ హెచ్చరిక ఏ మాక్రోలోంచి వచ్చిందో చెప్పలేం. క్లాంగ్‌లో ‘రీరైట్-ఇంక్లూడ్స్’ అనే ఆప్షన్ హెడర్లను ఫైలులోకి తెచ్చి పెడుతుంది, మాక్రోలను మాత్రం ముట్టుకోదు. బాట గారి టూల్ ఎలాగూ క్లాంగ్ లైబ్రరీల మీదే నిలబడింది కాబట్టి ఇది వారికి సరిపోతుంది.

ఇక్కడే నా వాదన అసలు బలం ఉంది. ఏమి దాచాలో తెలిసేది విశ్లేషించే టూల్‌కే. టూల్‌కు రేపు కొత్త సమాచారం అవసరమైతే ర్యాపర్ కూడా మారాలి. రెండింటినీ వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల చూసుకుంటే ఆ మార్పు ఎప్పటికీ సమయానికి జరగదు. సీజీసీసీ స్పార్స్ రిపాజిటరీలోనే ఉండడానికి కారణం ఇదే అని నేను అనుకుంటున్నాను. ఒకే ఇల్లు, కానీ వేరు గదులు.

బేర్‌మెటల్_బాట:

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం రోజులూ మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూశాను.

మేస్త్రి గారు అడిగిన హెచ్చరికల సంగతి ముందుగా చెబుతాను. ఆ సీరియల్ పోర్టు ఫైలు చిప్ తయారీదారు ఇచ్చిన కోడ్ పక్కన అదే డైరెక్టరీలో ఉంది, ఆ డైరెక్టరీకి మొత్తంగా హెచ్చరికలు ఆపేశారు. దాన్ని విడదీశాం. జీసీసీ వెంటనే ఆ వరుసను ఎత్తి చూపింది. మందు ముందే మా ఇంట్లో ఉందన్న మాట.

ర్యాపర్‌ను వేరే ప్రోగ్రాంగా, టూల్ రిపాజిటరీలోనే రాశాను. చీటీ రాస్తుంది, ఫైలు ప్రతిని దాస్తుంది, అసలు కంపైలర్‌ను నడిపి దాని ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. ఒక్కో కంపైలర్‌కూ మొదటిసారి మాత్రం దాని సొంత మాక్రోలను, హెడర్ల దారులను అడిగి దాచుకుంటుంది. ప్రతిని దాచడంలో ఏ లోపం వచ్చినా పక్కన లాగ్‌లో రాసి ఊరుకుంటుంది, కంపైల్‌ను ఆపదు. -ఎండీ, -ఎంఎఫ్ లాంటి డిపెండెన్సీ ఆప్షన్ల కుటుంబాన్నంతా ప్రతిని దాచే ఆదేశంలోంచి తీసేశాను. ‘-ఇంక్లూడ్’ తర్వాత వచ్చే హెడర్ పేరును మొదట సోర్స్ ఫైలు అనుకొని విడిగా ఒక చీటీ రాసేసింది. రెండు మాటల ఆప్షన్లన్నిటికీ పట్టిక రాసుకున్నాక అది సర్దుకుంది.

మొదటి రోజు ఫలితం చూసి కంగారు పడ్డాను. బిల్డ్ చక్కగా పూర్తయింది, చీటీ ఒక్కటి కూడా లేదు. మా మేక్‌ఫైల్లో కంపైలర్‌ను పూర్తి దారితో, ‘/ఆప్ట్’ దగ్గర నుంచి రాశారు. పాత్‌లో ముందు పెట్టిన నా ర్యాపర్‌ను ఎవరూ పిలవలేదు. కాపరి గారి అనుభవం చదివి ఉండకపోతే దాన్ని ‘సున్నా లోపాలు’ అని ప్రకటించేవాణ్నేమో. ఇప్పుడు టూల్ ముందుగా ఆబ్జెక్ట్ ఫైళ్లను లెక్కపెడుతుంది, చీటీలను లెక్కపెడుతుంది, రెండూ సరిపోకపోతే లోపాల నివేదికే ఇవ్వదు. మేక్‌ఫైల్లో కంపైలర్ దారిని వేరియబుల్‌గా మార్చాక లెక్క దగ్గరికి వచ్చింది, రెండు ఫైళ్లు మాత్రం తేడా వస్తున్నాయి. రెండూ అసెంబ్లీ ఫైళ్లు. స్టార్టప్ కోడ్ ఒకటి, ఇంటరప్ట్ పట్టిక ఒకటి. అవి సీ కాదు కాబట్టి ర్యాపర్ వాటిని వదిలేసింది. లెక్కలోంచి అసెంబ్లీ ఆబ్జెక్టులను తీసివేయమని మా వాళ్లు అంటున్నారు. అలా చేయనా?

సమీక్షకురాలు గారూ, ర్యాపర్ ఉన్న బిల్డ్, లేని బిల్డ్ ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చి చూశాను, అన్నీ ఒకటే.

మేక్‌ఫైల్_మేస్త్రి:

తీసివేయకండి. ర్యాపర్ వాటికి కూడా చీటీ రాయాలి, టూల్ వాటి పక్కన ‘విశ్లేషించలేదు, అసెంబ్లీ’ అని నివేదికలో రాయాలి. ఈరోజు రెండు ఫైళ్లకు మినహాయింపు ఇస్తే, రేపు ఎవరైనా ఒక సీ ఫైలును వేగం కోసం అసెంబ్లీలోకి మార్చినప్పుడు అది నివేదికలోంచి చప్పుడు లేకుండా మాయమవుతుంది, లెక్క మాత్రం సరిపోయినట్టే కనిపిస్తుంది.

సేఫ్టీ_సమీక్షకురాలు:

మేస్త్రి గారి మాటే నాది కూడా. ఆ రెండు ఫైళ్లనూ మనుషులు కూర్చొని చదివారని చూపే సమీక్ష సంఖ్యను కూడా ఆ వరుసలోనే చేర్చండి. ఆడిట్‌లో మొదట అడిగేది వాటి గురించే.

ప్యాచ్_బండి:

బాట గారూ, ఇంకొకటి చూసుకోండి. మీకు విండోస్ బిల్డ్ కూడా ఉంటే, అందులో ఆదేశం పొడవు పరిమితి దాటకుండా ఆప్షన్లను ఒక ఫైలులో పెట్టి, ‘@’ గుర్తుతో ఆ ఫైలు పేరును మాత్రం కంపైలర్‌కు ఇస్తూ ఉండవచ్చు. చీటీలో ఆ పేరు ఒక్కటే రాస్తే, బిల్డ్ చివర ఆ తాత్కాలిక ఫైలు చెరిగిపోయాక మీ దగ్గర మిగిలేది ఖాళీ చీటీ. ఆ ఫైలును అక్కడే విప్పి, లోపలి ఆప్షన్లను చీటీలో రాయండి. అసలు కంపైలర్‌కు మాత్రం ‘@’ ను ఉన్నది ఉన్నట్టే పంపండి.